రెండు కాఫీ పొట్లములు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, ఉస్మాన్ సాగరు జలాశయపు ఒడ్డున చిల్కూరు అను గ్రామము కలదు. మొయినాబాదు మండలమునకు చెందిన ఈ గ్రామమునందలి బాలాజీ దేవాలయము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ దేవాలయమున హుండీ లేదు. కోరిక కలవారు పదునొకండు ప్రదక్షిణములును, అది నెరవేరినవారు నూట యెనిమిది ప్రదక్షిణములును చేయుట అచటి ఆచారము. వారాంతమున నగరమునుండి వేలకొలది జనులు వచ్చెదరు. ప్రదక్షిణములు ముగించినవారు చెట్టు నీడను క్షణకాలము నిలిచి, కాఫీయో తేనీరో త్రాగి, అలసట తీర్చుకొని బస్సు నెక్కుదురు.

చిల్కూరు మొదలు చేవెళ్ల వరకు గల నేలలో పూలు, కూరగాయలు విరివిగా పండును. కాని కాఫీ తోట యొక్కటియు కానరాదు. కాఫీ మొక్కకు చల్లని గాలి, చెట్ల నీడ, సమృద్ధియైన వాన, నీరు నిలువని కొండవాలు కావలెను. ఎండకు కాగు దక్కను పీఠభూమిపై అవి యొకచోట దొరకవు. కావున ఈ ప్రాంతపువారికి కాఫీతో గల చుట్టరికము కొనువాని చుట్టరికమే. పండించువాని ముఖము వారెరుగరు.

ఇట్టి యూరి గృహిణి యొకతె కాఫీపొడి కొనుటకై అంగడికి పోయినదనుకొందము. అంగడివాడు ఆమె యెదుట రెండు పొట్లముల నుంచెను. రెండింటి తూకము నొక్కటియే. ఒక దానిపై మాత్రము చిన్న ముద్ర కలదు. దాని వెల హెచ్చు. నేలకు, అడవికి, కూలికి కీడు కలుగకుండ పండించిన కాఫీ యని ఆ ముద్రకు అర్థమని అంగడివాడు చెప్పెను. “రెండును కాఫీపొడియే గదా! ఈ ముద్ర కొరకు నేనెందులకు హెచ్చు వెల యీయవలెను?” అని యామె యడిగెను. ఇది తేలిక ప్రశ్నవలె తోచును గాని, లోకమున పెద్ద పెద్ద విద్వాంసులు దీనిపై పరిశోధనలు చేసియున్నారు. దీనికి సమాధానము కావలెనన్నచో ముందుగా ఆ పొట్లము వచ్చిన త్రోవను వెనుకకు నడిచి పోవలెను.

తెలుగువారి కాఫీ తూర్పు కనుమలలో పండుచున్నది. పాడేరు కేంద్రముగా గల అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకులోయ, అనంతగిరి, చింతపల్లి మున్నగు మండలములు దానికి ఆటపట్టులు. సముద్రమట్టమునకు సుమారు మూడువేల అడుగుల యెత్తున గల ఆ కొండలలో లక్షకు పైగా గిరిజన కుటుంబములు కాఫీపై ఆధారపడి జీవించుచున్నవి. ఒక్కొక్క కుటుంబమునకు ఎకరమో, రెండెకరములో తోట యుండును. పెద్ద పెద్ద దొరల తోటలకు పేరెక్కిన కర్ణాటక సీమకును, ఈ సీమకును గల భేదమిదియే.

కాఫీ మన దేశమునకు పదునేడవ శతాబ్దిలో వచ్చినదని చెప్పుదురు. బాబా బుడన్ అను సూఫీ సాధువు అరబ్బు దేశమునుండి ఏడు గింజలను రహస్యముగా తెచ్చి, చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. తూర్పు కనుమలలో మాత్రము 1898లో నాటి గోదావరి మండలమునందలి పాములేరు లోయలో ఆంగ్లేయులు మొదట దానిని నాటించిరి. స్వాతంత్ర్యానంతరము అటవీశాఖయు, కాఫీ బోర్డును ఆ పంటను పైకి తెచ్చినవి. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండ పంటలను కొని అమ్ముట యందు గిరిజనులకు తోడ్పడుచు వచ్చినది.

కాఫీ రాకముందు కొండలలో పోడు వ్యవసాయము ప్రధానముగా నుండెడిది. అడవిలో కొంతభాగమును నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి, రెండు మూడేండ్లు పండించి, నేల సారము తగ్గగానే మరియొక చోటికి పోవుటయే పోడు. జనులు కొలదిగను, అడవి విస్తారముగను ఉన్న దినములలో విడిచిన నేల తిరిగి అడవి యగుటకు వ్యవధి యుండెను. జనసంఖ్య పెరిగిన కొలదియు ఆ వ్యవధి తగ్గెను, కొండలు బోడులయ్యెను, వానకు మన్ను కొట్టుకొనిపోవ మొదలిడెను. కాఫీ దీనికి విరుద్ధమైన పంట. దానికి నీడ కావలెను గనుక చెట్టును నరికినవానికి కాఫీ లేదు. సిల్వర్ ఓక్, పనస మొదలగు చెట్లు గొడుగు పట్టినట్లు పైన నుండగా, వాని మ్రాకులపై మిరియపు తీగలు ప్రాకును. క్రింద కాఫీ మొక్కలు పెరుగును. రాలిన ఆకులు మ్రగ్గి యెరువగును. పక్షులకు గూళ్లు దొరకును. వాననీరు మెల్లగా నేలలోనికి ఇంకును.

ఇక శ్రమ సంగతి. వేసవి తొలకరి జల్లులకు కాఫీ చెట్టు మల్లెలవంటి తెల్లని పూలు పూయును. నవంబరు మొదలు జనవరి వరకు పండ్లు పక్వమగును. ఒకే కొమ్మపై పచ్చికాయయు, దోరకాయయు, ఎర్రని పండును కలిసియుండుట చేత కొమ్మను దూసివేయరాదు. పండిన పండు నెంచి యెంచి కోయవలెను. మరల కొన్ని దినములకు ఆ చెట్టు కడకే రావలెను. కోసిన పండ్ల పైతోలును ఆలస్యము లేకుండ ఒలిచి, జిగురు పోవునట్లు కడిగి, గింజలను మంచెలపై నారబెట్టవలెను. ఇంత చేసినను సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు మాత్రమే దక్కును. వేడివేడి కాఫీని రెండు నిమిషములలో త్రాగువానికి ఈ శ్రమ కానరాదు.

ఈ శ్రమకు తగిన వెల లభించునా యనిన, అది రైతు చేతిలో లేదు. కాఫీ వెల న్యూయార్కు, లండను నగరముల విపణులలో నిర్ణయమగుచుండును. బ్రెజిలు దేశమున మంచు కురిసినచో వెల పెరుగును. అచట పంట విరగబండినచో అరకులోని రైతుకు వెల తగ్గును. ఈ యొడుదుడుకులను అరికట్టుటకై 1962లో అనేక దేశములు కలిసి అంతర్జాతీయ కాఫీ ఒడంబడికను చేసికొని, ఎగుమతులకు మితులు నిర్ణయించుకొనెను. 1989లో ఆ మితులు రద్దు కాగా వెలలు పడిపోయెను. 2001 నాటికి పౌను, అనగా సుమారు 454 గ్రాముల కాఫీ, అర డాలరు కంటె తక్కువకు దిగెను. లోకమున లక్షలకొలది చిన్న రైతులు కోతకూలి సైతము గిట్టక చెట్లపైనే పండ్లను విడిచిరి.

ఆ దినములలోనే పొట్లముపై ముద్ర వేయు పద్ధతి బలపడినది. 1988లో నెదర్లాండ్సు దేశమున మెక్సికో రైతుల కాఫీ ‘మాక్స్ హవెలార్’ అను ముద్రతో అమ్మకమునకు వచ్చెను. జావా ద్వీపమున కాఫీ పండించువారి కష్టములను వర్ణించిన 1860 నాటి డచ్చి నవలలోని నాయకుని పేరది. క్రమముగా నట్టి ముద్రలు పలువిధములయ్యెను. వానిలో మూడు ముఖ్యమైనవి. మొదటిది న్యాయవర్తక ముద్ర: విపణిలో వెల యెంత పడినను రైతు సంఘమునకు ఇంతకు తగ్గకుండ ఇత్తుమను మాట దీని ప్రాణము. రెండవది సేంద్రియ ముద్ర: రసాయనపు టెరువులు, విషపు మందులు వాడలేదనుటకు ఇది గుర్తు. మన దేశమున ‘ఇండియా ఆర్గానిక్’ అనునది ఇట్టిది. కాఫీవంటి బహువార్షిక పంటకు ఈ ముద్ర రావలెనన్న మూడేండ్లపాటు నియమము పాటించి, తనిఖీకి నిలువవలెను. మూడవది అడవిని, వన్యప్రాణిని, కూలి క్షేమమును చూచు రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ వంటి సంస్థల ముద్ర. ఒక్క రైతు తనిఖీ వ్యయమును భరింపలేడు గనుక, రైతులు సంఘముగా చేరి ముద్రను పొందుదురు.

ముద్రకు ఎంత ఖర్చగును? 2023 ఆగస్టు నుండి న్యాయవర్తక ముద్ర గల కడిగిన అరబికా కాఫీకి కనీసపు వెల పౌనుకు ఒక డాలరు 80 సెంట్లు. దానిపై గ్రామపు బడి, బావి వంటి సంఘపు మేలుకై మరి 20 సెంట్లు. సేంద్రియమైనచో ఇంకను 40 సెంట్లు. పౌను పచ్చిగింజలను వేయించి పొడి చేసినచో సుమారు నలుబది గిన్నెల కాఫీ యగును. అనగా సంఘమునకు చేరు 20 సెంట్లు గిన్నెకు అర సెంటు మాత్రమే. 2025 ఫిబ్రవరిలో విపణి వెలయే పౌనుకు నాలుగు డాలర్లు దాటినది. అట్టి యెడల కనీసపు వెలతో పనియేమని యడుగవచ్చును. చిల్కూరు ప్రక్కనున్న ఉస్మాన్ సాగరును చూచినచో దీనికి సమాధానము దొరకును. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచిన పిదప, 1920లో ఆ జలాశయమును కట్టిరి. కట్ట యొక్క ప్రయోజనము ప్రతి దినమును కనబడదు. వరద వచ్చిననాడు కనబడును. కనీసపు వెలయు నట్టి కట్టయే.

మరి, కొనువారు ఈ ముద్రను గూర్చి యేమనుకొనుచున్నారు? బెల్జియము దేశమున 808 మందిని ప్రశ్నించి చేసిన పరిశోధన యొకటి 2005లో ప్రకటితమైనది. న్యాయవర్తక కాఫీకి సగటున నూటికి పది వంతులు హెచ్చు ఇత్తుమని వారు తెలిపిరి. కాని అచట ఆ కాఫీకి నిజముగా నున్న హెచ్చు నూటికి 27 వంతులు. అంత యిచ్చుటకు సిద్ధపడినవారు పదింట నొక్కరే. మనసు మంచిదే, చేయి మాత్రము సంచిలో సగము దూరమే పోవునని దీనివలన తేలినది.

నోటిమాట కంటె చేతిపని నమ్మదగినది గదా! అందుచేత అమెరికా దేశమున మరికొందరు పండితులు 26 అంగళ్లలో పరీక్ష జరిపిరి. ఆ ఫలితములు 2015లో వెలువడినవి. ఒకే కాఫీకి కొన్ని వారములు న్యాయవర్తక ముద్రను, కొన్ని వారములు అర్థములేని సామాన్యపు చీటిని అంటించి అమ్మకములను లెక్కించిరి. ముద్ర యున్నప్పుడు అమ్మకములు నూటికి దాదాపు పది వంతులు పెరిగెను. పిదప వెలను పెంచి చూచిరి. హెచ్చు వెల గల రకమునకు నూటికి ఎనిమిది వంతులు పెంచినను కొనువారు తగ్గలేదు. తక్కువ వెల గల రకమునకు తొమ్మిది వంతులు పెంచగనే అమ్మకము నూటికి ముప్పది వంతులు పడిపోయెను. ముద్రను మెచ్చినవారు పలువురు. వెలను భరింపగలిగినవారు కొందరు.

ఇందు బీదవానిని నిందింపదగినది లేదు. దినకూలితో బ్రతుకువాడు పది రూపాయలకు వెనుదీసినచో అది కఠినహృదయము కాదు, ఇంటి లెక్క. కాని వెనుదీయువారందరును బీదవారు కారు. కొందరిది అపనమ్మకము: “ఈ సొమ్ము నిజముగా రైతునకు చేరునా? ముద్ర వర్తకుని యెత్తుగడ కాదా?” అని వారి సందేహము. కొందరిది దూరము: కొండపై నున్నవాడు తమకు బంధువు కాడు, ఇరుగుపొరుగు కాడు. మరికొందరిది రుచి: నాలుకకు తెలియని మేలుకు సొమ్మేలయని వారి వాదము.

ఈ సందేహములలో మొదటిది విలువైనది; దానిని కొట్టివేయరాదు. ముద్ర గల పొట్లమునకు అంగడిలో హెచ్చగు వెల యంతయు రైతుకు పోదు. వేయించువాడు, రవాణాదారుడు, తనిఖీ సంస్థ, అంగడివాడు తమ తమ పాళ్లు గొందురు. ముద్ర కలిగిన సంఘములు తమ పంటనంతయు ముద్రవెలకు అమ్ముకొనలేక, కొంత సామాన్యపు వెలకే అమ్ముటయు కలదు. కావున ముద్ర యున్నంత మాత్రమున సర్వము మంచిదనుటయు, ముద్రలన్నియు మోసమనుటయు రెండును తొందరపాటులే. ముద్ర యేది, దాని నియమమేమి, పంట యే సంఘమునుండి వచ్చినది అని యడిగి తెలిసికొనుటయే వివేకము. పొట్లమును చదువు అలవాటు మరియొక విధమునను మేలు చేయును. మన దేశమున కాఫీలో చికోరి వేరు పొడిని నూటికి 49 వంతుల వరకు కలుపుటకు చట్టము అనుమతించుచున్నది. అది పొట్లముపై వ్రాసియుండవలెను. కొనుచున్నది కాఫీయా, సగము కాఫీయా యని చూడనివాడు ముద్ర నేమి చూచును?

మూడవ సందేహమునకు అరకు సీమయే సమాధానము చెప్పినది. నాంది అను సేవాసంస్థ అచటి రైతులతో కలిసి, పండిన పండ్లనే కోయించి, నేలను సేంద్రియ పద్ధతిని బాగుచేయించి, 2007లో చిన్న రైతుల సహకార సంఘము నేర్పరచుటకు తోడ్పడినది. 2017లో ఆ కాఫీ అంగడి ఫ్రాన్సు దేశపు పారిస్ నగరమున తెరువబడెను. 2018లో అచటనే అది స్వర్ణపతకమును పొందెను. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గుర్తింపు పంట పుట్టిన చోటును చెప్పును గాని, పండించిన తీరుకు హామీ యీయదు, రెంటిని కలిపివేయరాదు. అయినను మంచి నేల, మంచి కోత, మంచి రుచి యొకదాని నొకటి అంటిపెట్టుకొని యుండునని అరకు నిరూపించినది. రుచికి హెచ్చు వెల యిచ్చినవాడు తనకు తెలియకయే నీడచెట్టునకు సైతము ఇచ్చుచున్నాడు.

హెచ్చు వెల వస్తువును ధర్మబుద్ధితో కొనుట మనకు క్రొత్త కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలమున మిల్లుబట్ట చవుకగా దొరకుచున్నను, నూలు వడకువారిని, నేతగాండ్రను తలచి వేలకొలది జనులు ఖద్దరు ధరించిరి. శ్రీకాకుళము సీమలోని పొందూరు ఖద్దరు నాటి పేరును నేటికిని నిలుపుకొనినది. అట్లే 1937 నాటి చట్టమువలన వచ్చిన ‘అగ్‌మార్క్’ ముద్ర, కల్తీలేని నేతిని గుర్తించుటకు ఇల్లాండ్రకు నేర్పినది. మొదట వింతయైన ముద్ర, నమ్మకము నిలుపుకొనినచో, కొంతకాలమునకు వాడుకలోనికి వచ్చును.

ఇక దూరము సంగతి చిల్కూరువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు జలాశయముల నీరు చెడకుండుటకై 1996లో ప్రభుత్వము ఒక ఉత్తరువు వెలువరించి, చుట్టుపట్ల 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించెను. నగరవాసులకు మంచినీరు దక్కినది. దాని కొరకు ఎగువనున్న రైతులు తమ భూముల వెల పెరుగుటను మానుకొనవలసివచ్చినదని చిరకాలము మొరపెట్టుకొనిరి. 2022లో ప్రభుత్వము ఆ నిబంధనలను తొలగించి, జలాశయముల రక్షణకు వేరు మార్గములు సూచించుటకు సంఘమును నియమించినది. ఉత్తరువు మంచిదా, కాదా యను వాదము నేటికిని కలదు. కాని యొక్కటి మాత్రము నిజము: ఎగువవాడు అడవిని, నీటిని కాపాడగా దిగువవాడు సుఖపడునప్పుడు, ఆ కాపుదలకు కూలి యెవరిత్తురను ప్రశ్న తప్పక పుట్టును. దిగువవాడు మరచినచో ఎగువవాడు ఎంతకాలము కాచును?

అరకు కొండలలో నేడున్న ప్రశ్నయు నదియే. 2025లో ఆ తోటలలో కాయతొలుచు పురుగు కనబడెను. సోకిన కాయలను ఏరి, వేడినీట ముంచి, పాతిపెట్టి రైతులు దానిని అరికట్టుటకు శ్రమించిరి. విషపుమందు చల్లుట కంటె ఇది కష్టమైన పని. గిట్టుబాటు లేనినాడు రైతు నీడచెట్టును నరికి కలపగా అమ్ముకొనవచ్చును, పోడునకు మరలవచ్చును. అతనిని తప్పుపట్టు అధికారము చవుక కాఫీ త్రాగినవానికి ఉండదు.

ఇప్పుడు మరల అంగడికి వత్తము. ముద్ర గల పొట్లము కిలోకు రెండువందల రూపాయలు హెచ్చనుకొందము. గిన్నెకు పది గ్రాముల పొడి చొప్పున కిలోకు నూరు గిన్నెలు. హెచ్చు వెల గిన్నెకు రెండు రూపాయలు. రెండు రూపాయలు కొందరికి లెక్కలేనివి, కొందరికి లెక్కించవలసినవి. ఆ గృహిణి తన యింటి లెక్కను తానే చూచుకొనవలెను. నెలకు నాలుగు పొట్లములలో ఒక్కటి ముద్ర గలది కొనినను అది చిన్న పని కాదు. ఏదియు కొనలేకున్నను, “ఇది యెవరు పండించిరి? వారికేమి దక్కినది?” అని యంగడివాని నడుగుటకు రూపాయి యైనను అక్కరలేదు. పదిమంది యడిగినచో అంగడివాడు వర్తకుని అడుగును. వర్తకుడు సంఘమును అడుగును. అట్లు ఆ ప్రశ్న మెట్టు మెట్టుగా కొండనెక్కి, ఎర్రని పండును ఎంచి కోయు చేతి వరకు పోవును.